నడుము కనిపించే కోటు

మా నిజామాబాద్‌లో చలికోటు కొనడానికి వచ్చే మనిషిని చూస్తే నాకు రోత పుడుతుంది. అక్టోబరు ఉక్కలో, గరగరమనే ఫ్యాను కింద, మెడ వెంట చెమట కారుతుండగా, లోపల దూది కుక్కిన కోటు తొడుక్కుని అద్దం ముందు పక్కకు తిరిగి పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఎక్కడికి పోతున్నాడో, అక్కడ ఎంత చలో మరిచిపోతాడు. అక్కడ దిగబోయే ఫొటో ఒక్కటే గుర్తుంటుంది. అలాంటివాణ్ణి చూసి మొహం తిప్పుకుంటాను గానీ తిట్టే హక్కు నాకు లేదు. అతను తన ఒంటికే కొనుక్కుంటున్నాడు. నేను ఇంకొకరి ఒంటికి కొన్నాను.

మాకు చలి అంటే కొద్ది వారాల ముచ్చట. పొద్దున చెవులకు మఫ్లర్, భుజాన శాలువా. కోటగిరి వైపు చెరకు తోటల దగ్గరైతే ఎండుటాకుల మంట. కాస్త పొద్దెక్కితే చాలు, ఎండ వీపు మీద చురుక్కుమంటుంది. చలికి బట్ట ఎట్లా ఎంచాలో నాబోటి వాళ్ల ఒంటికి తెలియదు. మేం ఎరిగిన కొత్తబట్ట పెళ్లిబట్టే. నలుగురిలో ఎట్లా కనబడతామన్నదే దాని కొలత. మంచుకొండల మీద వేసుకునే కోటును కూడా నేను ఆ కొలతతోనే కొలిచాను.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా భార్య బోధన్ దగ్గరి ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేసింది. ఆమె గదిలో గోడకు వేలాడే బొమ్మల చార్టులో మంచు కురుస్తున్న ఇల్లొకటి ఉండేది. ఆ బొమ్మ మీద కర్ర పెట్టి చూపిస్తూ ఏళ్ల తరబడి పిల్లలకు “ఇది మంచు” అని చెప్పింది. అది కావాలి, ఇది కావాలి అని నన్ను అడిగే మనిషి కాదు. ఇదొక్కటే అడిగింది.

“ఒక్కపారి మంచు పడుతుంటె దాని కింద నిలవడాలె. నెత్తి మీద పడాలె. అంతే.”

కాలేజీలో నాతో పనిచేసినవాళ్లు కొందరు భార్యలతో కలిసి చలికాలంలో హిమాచల్ పోదామన్నారు. మేమూ వస్తామన్నాం. ఆ రోజు నుంచి ఆమె మంచు గురించి ఆలోచించింది. నేను ఆ మిగతా భార్యల గురించి ఆలోచించాను. వాళ్లు సన్నగా ఉంటారు, పాంట్లు వేస్తారు, ఫొటోకు ఎట్లా నిలబడాలో తెలిసినవాళ్లు. నా భార్య లావుపాటి మనిషి, చీర తప్ప కట్టదు. ఆ లావు ఆమెకు ఎన్నడూ బరువనిపించలేదు. మోయలేకపోయింది నేను.

మేం పోయిన దుకాణం తాతల కాలం నుంచి షేర్వానీలు, సూట్లు కుట్టే ఒక ముస్లిం కుటుంబానిది. విదేశాలకు చదువులకు పోయే పిల్లల కోసం ఇప్పుడు చలికోట్లు కూడా పెడుతున్నారు. నా భార్య కోటును తొడుక్కునే ముందు రెండు చేతుల మీద వేసుకుని బరువు చూసింది. గొంగడిని ఎత్తి చూసి అది చలిని ఆపుతుందో లేదో చెప్పే ఇంట్లో పుట్టింది. అట్లా చూసి చూసి ఒక గోధుమరంగు కోటు తీసింది. వెడల్పు భుజాలు, పెద్ద టోపీ, మోకాళ్లు దాటే పొడుగు.

“ఇది మంచిగున్నది. లోపల స్వెట్టరేసుకున్నా పడ్తది. కొంగు గూడ నలగది. సూడుండ్రి, మోకాళ్లు గూడ మూసుకుంటున్నయ్.”

“గొంగడి కప్పుకున్నట్టున్నవ్,” అన్నాను.

“గొంగడిల ఎవలికన్న సలి పెట్టిందా?”

దుకాణదారు నవ్వాడు. “అమ్మ జవాబు సహీ ఉన్నది సాబ్!”

అక్కడితో ఊరుకోవలసింది. “చెమటలు ఎట్ల కారుతున్నయో చూడు. గిక్కడనే ఉడికిపోతున్నవ్ దాంట్ల,” అన్నాను.

“ఈడ ఉడికితెనే ఆడ గడ్డకట్టకుంట ఉంట సారూ.” నన్ను ఆటపట్టించేటప్పుడు సారూ అంటుంది.

వాదంలో ఓడిపోయాను. ఓడిన మగవాడు ఏం చేస్తాడో అదే చేశాను. సూటు కొలతలకు వచ్చిన ఇద్దరు మనుషులు వింటుండగా, గొంతు పెంచి, “పసుపు బస్తాకు గుండీలు కుట్టినట్టున్నవ్ పో,” అన్నాను. వాళ్లు నవ్వారు. దుకాణదారు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే గుండీలు విప్పడం మొదలుపెట్టింది.

తరువాత నేనే ఒక మెరూన్ రంగు కోటు తీశాను. పొట్టిది. నడుము దగ్గర కుదించి, కింద కొంచెం విచ్చుకున్నట్టు కుట్టారు. పలచటి జాకెట్టు మీద తొడిగించి చూశాం. “పదేండ్లు తగ్గినయ్ సాబ్ అమ్మకు,” అన్నాడు దుకాణదారు. నడుము దగ్గర ఇంకొంచెం లోపలికి పట్టమన్నాను.

“లోపల స్వెట్టర్ పట్టది,” అంది ఆమె, అద్దంలో నన్ను చూస్తూ.

“అక్కడ రూములల్ల హీటర్లుంటయ్. బయట ఎంతసేపుంటం?”

ఆమె కోటు విప్పి దుకాణదారు చేతికిచ్చింది. నాకు మాత్రం లోపలంతా దట్టమైన బొచ్చున్న పొడుగు కోటు తీసుకున్నాను. అద్దం వైపు చూడనే లేదు. ఎవరో అడిగినట్టు, నాకు చలి పడదనీ, ఛాతీలో కఫం చేరుతుందనీ దుకాణదారుకు చెప్పాను. నాకు అంతకుముందు ఎన్నడూ కఫం చేరలేదు. ఆమె మోకాళ్ల నొప్పులకు మాత్రం డిచ్‌పల్లి దాకా తీసుకుపోయి మందు ఇప్పించి తెచ్చింది నేనే. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

కొండ మీదికి పోయే రోజు పొద్దున హోటల్ గదిలో ఆమె స్వెట్టరు మీద ఆ కోటు వేసుకుంది. రెండు అంచులు కలవలేదు.

“గుండీలు కూసుంటలేవు.”

“ఊపిరి బిగబట్టు,” అని బస్తా మూతి కట్టినట్టు గుంజాను.

“ఎంతసేపు బిగవట్టాలె? మాపటి దాకనా?”

చివరికి స్వెట్టరు విప్పేసింది. కోటుకు గుండీలు పడ్డాయి. నడుము కనిపించింది. బాగుందన్నాను.

పైన వాహనం ఆగేసరికి మంచు మొదలైంది. చార్టులో గీసినట్టు గుండ్రటి చుక్కలుగా పడలేదు. సన్నగా, వంకరగా, గాలి ఎటు కొడితే అటు పడుతోంది. అందరూ కేకలు వేస్తూ దిగారు. ఆమె తలుపు పట్టుకుని ఒక కాలు కింద పెట్టింది. గాలి చీర కుచ్చిళ్లలోకి దూరింది. కోటు నడుము కిందనే ఆగిపోయింది. అక్కడి నుంచి పాదాల దాకా ఆమెకున్నది నూలుచీర. మోకాలు పట్టేసింది. పళ్లు కొట్టుకుంటుండగా వెనక్కి జరిగి సీట్లో కూర్చుంది.

“మీరు పోండ్రి. నేనీడ నుంచి సూస్త.”

“నా కోటు వేసుకుంటవా?” అని అడిగాను.

ఎట్లా అడిగానో కూడా చెప్పాలి. నా చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. గడ్డం దాకా ఎక్కిన జిప్పును ముట్టనైనా లేదు. వద్దనిపించుకోవడానికే అడిగే తీరొకటి ఉంటుంది. గిన్నెలు కడిగి బోర్లించాక, ఇంటికి వచ్చినవాణ్ణి “తింటావా” అని అడిగే తీరు. అట్లా అడిగాను.

“వద్దు. మీకు కఫం వడ్తది,” అంది.

దిగి పోయాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా హాయిగా ఉంది. నెత్తి మీద పడింది, మీసం మీద పడింది. ఫొటోలు దిగాను. వాహనం అద్దాలకు లోపలి నుంచి ఆవిరి పట్టింది. ఒకచోట మాత్రం చేత్తో తుడిచినట్టు గుండ్రంగా ఖాళీ. అందులోంచి ఆమె చూస్తోంది. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చిందనుకున్నాను. గుప్పెడు మంచు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, పండు తెచ్చినవాడిలా అద్దం తట్టాను.

“ఇగో, పట్టుకో.”

ఆమె అద్దం కొంచెం దించింది. నా అరచేతిలోకి చూసింది. వేలితో కూడా ముట్టలేదు.

“పారేయుండ్రి. అద్దం ఎక్కియ్యాలె, సలొస్తున్నది.”

నన్ను చూస్తే నాకు అన్నిటికన్నా అసహ్యం కలిగేది అక్కడ కాదు, ఆ సాయంత్రం హోటల్లో. హీటరు పక్కన అందరం కాఫీ తాగుతున్నాం. ఒక మిత్రుడి ఇల్లాలు నా భార్య కోటును పట్టి చూసి, “అక్కా, ఈ కోటు మీకెంత బాగుందండీ, ఎవరు సెలెక్ట్ చేశారు?” అంది. వాళ్లది కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. ఆమె మెచ్చిందంటే నా లెక్కలో ఘనమే. నా భార్య నా వైపు చెయ్యి చూపించింది. ఆ క్షణాన నా ఛాతీ పొంగింది. పొద్దంతా ఆమె ఎక్కడ కూర్చుందో కళ్లారా చూసివచ్చిన మనిషికి, కాఫీ కప్పు చేతిలో ఉండగా, గర్వం కలిగింది. మనిషి లోపల ఏమేం కుళ్లి ఉంటాయో తెలుసుకోవడానికి నాకు వేరే చదువు అక్కర్లేకపోయింది.

తరువాత మోకాళ్లు ఇంకా ముదిరాయి. ఇప్పుడు మా ఇంటి మెట్లకే గోడ పట్టుకుని ఎక్కుతుంది. కొండలు, చలి జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. అయినా ఈ మధ్య ఒకరోజు, ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ఎదురుగా కూర్చుని అడిగాను. ఇంకోసారి పోదామా, నీకు నచ్చిన కోటే తీసుకుందాం, నిన్ను కుర్చీలో కూర్చోబెట్టుకునైనా మంచులోకి తీసుకుపోతా అని.

“ఇగ నాతోని యాడైతది? అయినా మీరు నిలవడ్డరు గద సారూ దాంట్ల. నేను సూసిన. సాలు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె మొహంలో వెతికాను. చాలాసేపు వెతికాను. లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.