రెండు బటన్ల వాచీ

ఆదోనిలో మార్కెట్ యార్డు నుంచి రైల్వే స్టేషన్ వైపు వచ్చే దారిలో, మందుల షాపుకీ జెరాక్సు షాపుకీ మధ్య, తలుపు వెడల్పుకు మించని కొట్టు ఒకటి ఉంది. అందులో అద్దాల బల్ల వెనక కూర్చుని, కుడి కంటికి చిన్న భూతద్దం బిగించుకుని వాచీలు బాగుచేసే మనిషి పేరు సుధారాణి. నలభై ఎనిమిదేళ్లుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ జేబులోంచి వాచీ తీయకుండానే, "అన్న యాడికి పోయినాడు?" అని అడుగుతారు.

"అన్న జిన్నింగు మిల్లుకు పోయినాడు. పత్తి బేళ్లు కట్టేది ఆయప్ప పని. వాచీ నాకియ్యి" అంటుంది ఆమె, చెయ్యి చాపి.

సుధారాణి పుట్టిల్లు ఎమ్మిగనూరు. మగ్గం ఉన్న ఇల్లు. పదేళ్లప్పటి నుంచే తెగిన పోగులు అతకడం ఆమె పని. ముడి వేసినట్టు కనపడకుండా ముడి వేసేది. ఇరవై ఏళ్లకు ఆదోనిలో ఉరుకుందుకిచ్చి పెళ్లి చేశారు. మామ తిరుపాల్‌ది వాచీల కొట్టు. కొడుకు ఉరుకుందుకు ఆ సన్న పని మీద ధ్యాస లేదు. పెద్ద మిషన్లంటేనే ఇష్టం. మిల్లులో చేరిపోయాడు.

అరవై దాటాక తిరుపాల్ చేతులు వణకడం మొదలైంది. ఒకనాడు మధ్యాహ్నం కోడలు అన్నం క్యారియర్ తెచ్చేసరికి ఆయన బల్ల మీద పడిపోయిన స్క్రూ కోసం తడుముకుంటున్నాడు. ఆవగింజలో సగం కూడా లేదది. సుధారాణి చూసి, పక్కనున్న చిమ్టాతో దాన్ని ఎత్తి, ఆయన చూపించిన రంధ్రంలో నిలబెట్టింది. ముసలాయన వంగి దాన్ని చూశాడు. తర్వాత, "తీసి మళ్లీ పెట్టు" అన్నాడు. ఆరుసార్లు తీయించి ఆరుసార్లు పెట్టించాడు.

మర్నాడు ఇంట్లో వంట కాగానే ఆమెకూ కొట్టులో ఒక స్టూలు పడింది. తొమ్మిదేళ్లు అలాగే నడిచింది. నోరు మామది, చేతులు కోడలివి. బంధువుల్లో కొందరు ఆడమనిషి బజారులో కూర్చోవడమేమిటన్నారు. తిరుపాల్ తల కూడా ఎత్తకుండా, "మీ వాచీ ఆగిపోతే యాడికి పోతారో పోండి" అన్నాడు. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఒక్క పని మాత్రం ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. కీ ఇచ్చే బొడిపెకు పైనొకటి, కిందొకటి బటన్లుండే వాచీలు ఉంటాయి. మామూలుగా టైం చూపిస్తూనే, పై బటన్ నొక్కితే పరుగు పందేలకు లెక్కపెట్టినట్టు ఇంకో సెకన్ల ముల్లు కదిలి విడిగా సమయం లెక్కపెడుతుంది. అలాంటిది తెస్తే తిరుపాల్ మూత కూడా తీసేవాడు కాదు. "రెండు బటన్లది మనం ముట్టం" అనేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒకదాన్ని విప్పి, మళ్లీ కూర్చలేక పరువు పోగొట్టుకున్నాడట. ఆయన పోయి పన్నెండేళ్లయింది. సుధారాణి కూడా అదే మాట మీద ఉంది.

మొన్న డిసెంబరులో గోనెగండ్ల వైపు నుంచి బసన్న వచ్చేదాకా.

బసన్న రైతు. అరవై అయిదేళ్ల మనిషి. ఆ చుట్టుపక్కల ఎద్దుల బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా టైం చూసేది ఆయనే. ఒక్కో జతకు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో బండను ఎంత దూరం లాగితే అంత. ఈల వేసి మొదలుపెట్టించేదీ, ఈల వేసి ఆపించేదీ బసన్న. ఆయన చేతికి బొంబాయి మిల్లులో పనిచేసిన చిన్నాయన ఇచ్చిన స్విస్ వాచీ. రెండు బటన్లది.

"మామూలుగా బాగనే పోతాదమ్మా. దినానికి నిమిషం కూడా తేడా రాదు" అన్నాడు వాచీ బల్ల మీద పెట్టి. "పై బటన్ నొక్కితే సాలు, పదీ పదైదు సెకన్లకంతా ఆగిపోతాది. ఆ ముల్లొకటే కాదు, వాచీకి వాచీనే నిలబడిపోతాది. మళ్లీ నొక్కి ఆ ముల్లును ఆపితే, ఏం జరగనట్టు ఇది నడుస్తాది."

"ఎన్నాళ్ల నుంచి అన్నా?"

"ఆరేండ్లాయ. కర్నూల్లో ఇచ్చినా. కడిగి, కొత్త స్ప్రింగేసి ఇచ్చినారు. అదే కత. బెంగళూరుకు పంపినా. ఆ బటన్ ముట్టుకోవద్దు, ఊరికే కట్టుకోండి అనిరి."

"ఫోన్లో టైం పెట్టుకోవచ్చు గదన్నా?"

బసన్న మొహం చిన్నబోయింది. పోయినేడు ఫోనుతోనే చూశాడు. ఎద్దులు మంచి ఊపులో ఉండగా ఎవరో ఫోన్ చేశారు. దాన్ని కట్ చేయబోయి, చెమట వేలితో ఇంకేదో నొక్కాడు. లెక్క సున్నాకొచ్చింది. జనం గోల. ఆ జతతో మళ్లీ లాగించాల్సి వచ్చింది. బసన్నకు వయసైపోయిందని మైకులోనే అన్నారు.

"నాకు వయసయింది నిజమే. కానీ నా లెక్క తప్పలేదమ్మా" అన్నాడాయన.

సుధారాణి వాచీని చెవి దగ్గర పెట్టుకుంది. టిక్కుటిక్కుమని నిండుగా నడుస్తోంది. బటన్ నొక్కింది. శబ్దం సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగింది. మామ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సేస్తానని సెప్పనన్నా. సూస్తా. పది దినాలు పెట్టి పో."

మర్నాడు ఆదివారం. బజారు పల్చగా ఉంది. పొద్దున్నే కొట్టు తెరిచి వెనక మూత విప్పింది. లోపల మామూలు వాచీ మీద ఇంకో వాచీ ఎక్కి కూర్చున్నట్టుంది. పైన ఎన్నో సన్నటి మీటలు, చక్రాలు, స్ప్రింగులు. ముందు ఫోనుతో ఫొటోలు తీసుకుంది. ఆ తర్వాత ఏదీ ముట్టకుండా, బటన్ నొక్కుతూ ఆపుతూ గంటసేపు చూస్తూనే ఉంది.

బటన్ నొక్కగానే ఒక మీట జరుగుతోంది. దాని మీదున్న చిన్న చక్రం వెళ్లి మధ్యలో ఉన్న పెద్ద చక్రం పళ్లను పట్టుకుంటోంది. అంతదాకా తన పని తాను చేసుకుంటున్న వాచీ అప్పటి నుంచి ఇంకో బరువు కూడా మోయాలి. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఊపు అక్కడే పడిపోతోంది. స్ప్రింగు కొత్తదే. నూనె శుభ్రంగానే ఉంది. కాబట్టి బలం తక్కువై కాదు, బరువు ఎక్కువై ఆగుతోంది. ఆ బరువు ఎక్కడుందో ఒక్కటే వెతకాలి.

అద్దానికో డయలుకో రాసుకుంటోందేమోనని పొడుగాటి ముల్లు తీసేసింది. అయినా ఆగింది. నిమిషాలు లెక్కపెట్టే చక్రాన్ని తప్పించింది. అయినా ఆగింది. మిగిలింది ఆ రెండు చక్రాల కలయికే. భూతద్దం మార్చి చూసింది. చిన్న చక్రం పళ్లు పెద్ద చక్రం పళ్ల సందుల్లో అడుగంటా దిగి ఇరుక్కుంటున్నాయి. ఎంత లోతు దిగాలో చెప్పే స్క్రూ ఒకటుంది పక్కన. దాని తల మీద కొత్త గీతలు కనపడ్డాయి. మొదలెట్టేటప్పుడు ముల్లు వణుకుతోందని, ఎవరో దాన్ని ఎక్కువ తిప్పేసినట్టున్నారు.

తీసినవన్నీ మళ్లీ పెట్టి, ఆ స్క్రూను వెంట్రుకవాసి వెనక్కి తిప్పింది. ఈసారి వాచీ ఆగలేదు గానీ, ముల్లు కప్పలా ఎగిరింది. మళ్లీ ముందుకు. మళ్లీ ఆగింది. పళ్లు పట్టుకోవాలి, కానీ ఇరుక్కోకూడదు. మగ్గం మీద పడుగు బిగువు చూసినట్టు చూసుకుంటూ, ఆ రెండింటి మధ్య చోటు దొరకబుచ్చుకునేసరికి మధ్యాహ్నమైంది. ముల్లు సాఫీగా బయల్దేరింది. ఇరవై సెకన్లు. నలభై. సుధారాణి లేచి నిలబడింది. యాభై తొమ్మిది దగ్గర వాచీ ఆగిపోయింది.

మళ్లీ నడిపించింది. మళ్లీ యాభై తొమ్మిదే.

అంతసేపటి అలసట ఒక్కసారి వచ్చి భుజాల మీద కూర్చున్నట్టయింది. కానీ కాసేపటికి ఆమెకు నవ్వొచ్చింది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే వెతకాలి. ఒకేచోట ఆగేది తన చోటు తానే చెప్తున్నట్టు కదా. నిమిషం నిండబోతుంటే నిమిషాల చక్రం ఒక పన్ను ముందుకు దూకాలి. దాన్ని కదలకుండా పట్టుకునే సన్నటి స్ప్రింగు దూకనివ్వడం లేదు. విప్పి వెలుగులో పట్టుకుంది. ఇది వాచీతో పుట్టింది కాదు. అసలుది విరిగిపోతే ఎవరో చేత్తో చేసి పెట్టారు. మందం ఎక్కువ.

బజారులో ఎక్కడా దొరకని స్ప్రింగు అది. నూనె రాయి మీద అరగదీయడం ఒక్కటే దారి. ఒక్క రుద్దు ఎక్కువైతే పనికిరాదు, బసన్న వాచీ ఇక ఎప్పటికీ అంతే. ఆ రోజు ఆమె దాన్ని ముట్టలేదు. మూత పెట్టేసి ఇంటికి పోయింది. నాలుగు రోజులు, పనికిరాక పక్కన పడేసిన పాత వాచీల స్ప్రింగులు అరగదీసి చూసుకుంది. మూడు విరిగాయి. నాలుగోది విరగలేదు, అయిదోది కూడా.

ఆ తర్వాతి ఆదివారం ఉరుకుందు అన్నం తెచ్చేసరికి ఆమె రాయి మీద స్ప్రింగును రెండు వేళ్లతో నడిపిస్తోంది. రెండు రుద్దులు, పెట్టి చూడటం, మళ్లీ రెండు రుద్దులు. నూలు సన్నమో లావో కళ్లు మూసుకుని చెప్పగలిగిన వేళ్లవి. పన్నెండోసారి పెట్టి చూసి, "ఫోన్ తీయి. నేను నొక్కినప్పుడు నువ్వూ నొక్కు" అంది.

ఉరుకుందు మిల్లు పిడికిట్లో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ముల్లు బయల్దేరింది. యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. చిన్న డయల్లో నిమిషాల ముల్లు టక్కున ఒక గీత దాటింది. పెద్ద ముల్లు ఆగకుండా రెండో చుట్టు ఎత్తుకుంది.

"దాటె సుధా!" అని అరిచాడు ఉరుకుందు. మందుల షాపు మనిషి తొంగి చూశాడు. అన్నం చల్లారిపోతున్నా ఇద్దరూ కదల్లేదు. ఆ చిన్న డయల్లో ఉన్న ముప్పై నిమిషాలూ పూర్తయ్యాయి. ఫోనుకీ వాచీకీ తేడా లేదు.

జనవరిలో గోనెగండ్ల దగ్గర ఒక ఊరి తేరుకు పోటీలు పెట్టారు. బసన్న కబురు మీద కబురు పంపితే మొగుడూ పెళ్లాలిద్దరూ బస్సెక్కి పోయారు. దుమ్ము లేస్తోంది, జనం కంచె మీద పడిపోతున్నారు. పొద్దున్నుంచి అయిదు జతలు లాగాయి. అయిదుసార్లూ వాచీ ఆగలేదు. ఆఖరి జత దిగబోతుంటే బసన్న వాచీ విప్పి సుధారాణి చేతిలో పెట్టాడు.

"నేను ఈలేస్తా. బటన్ నువ్వు నొక్కు తల్లీ. దీన్ని బతికించినదానివి."

ఈల మోగింది. ఆమె నొక్కింది. ఎద్దులు కాళ్లు తన్నిపెట్టి బండను కదిలించాయి. ఆమె ఎద్దుల వైపు చూడనేలేదు. పద్దెనిమిది నిమిషాలకు గెలుపు ఎవరిదో తేలేటట్టు లేదు. ఇరవై నిండగానే "అయింది!" అని కేక పెట్టింది. ఈల మోగింది. ఆ జత నాలుగడుగుల తేడాతో ఓడిపోయింది.

ఎద్దులాయన పేరు అయ్యన్న. ఆలూరు మనిషి. రొప్పుతూ వేదిక దగ్గరికొచ్చాడు.

"టైం తక్కువిచ్చినారు! ఆయమ్మకేం తెలుసు ఎద్దుల సంగతి?"

"ఎద్దుల సంగతి తెలీదన్నా" అంది సుధారాణి, గొంతు పెంచకుండా. "ఇరవై నిమిషాలంటే ఎంతో తెలుసు. ఎవరన్నా వీడియో తీసింటే సూడండి."

తీసింది అయ్యన్న మనుషుల్లోనే ఒకరు. మొదటి ఈల నుంచి ఆఖరి ఈల దాకా, పెద్దలు తలలు ఆనించి చూశారు. సరిగ్గా ఇరవై నిమిషాలు. అయ్యన్న తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "సరే, నా ఎద్దులదే తప్పు" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మైకులో ఆదోని సుధారాణమ్మ అని పేరు పిలిచారు. బసన్న నవ్వు మాత్రం మైకు లేకుండానే వినిపించింది. ఆమె తల వంచుకోలేదు. జనాన్నంతా తేరిపార చూసింది.

వారం తిరక్కముందే కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఒక పెద్దాయన గొంతు. బసన్న వాచీకి ముందు సర్వీసు చేసింది తామేనని, అది బాగయిన సంగతి బసన్నే చెప్పాడని అన్నాడు.

"స్ప్రింగు ఎట్లా సన్నం చేసినావమ్మా? నాకు తట్టలేదు."

సుధారాణి దాచుకోలేదు. స్క్రూ గీతల దగ్గర్నుంచి విరిగిన మూడు స్ప్రింగుల దాకా అంతా చెప్పింది. ఆయన మధ్యలో ఆపి ఆపి అడిగి రాసుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి, "నా దగ్గర ఇట్లాంటివే ఇంకా రెండున్నాయి. పంపిస్తే చూస్తావా?" అన్నాడు.

"పంపండి సార్" అంది ఆమె. "బటన్ నొక్కినాక ఎన్ని సెకన్లకు ఆగుతాందో చీటీ మీద రాసి పంపండి."