అక్క కోసం రంగు మానేసిన మందు

"అయితే నిన్న వదిన ఏమన్నారో చివరిదాకా చెప్పనే లేదు మీరు. మధ్యలో ఫ్యూజు పోయిందని లేచారు, కథ అక్కడే ఆగిపోయింది."

కాంపౌండరు టీ గ్లాసు కింద పెట్టాడు. పదవీ విరమణ చేసి మూడేళ్లయినా వీధి వీధంతా ఆయన్ని ఇంకా కాంపౌండరు గారనే పిలుస్తుంది. ఎదురుగా కుట్టుమిషను ముందు కూర్చుని ఆయన భార్య సూదిలోకి దారం ఎక్కించే ప్రయత్నంలో ఉంది.

"ఏముంది, నవ్వుతూనే చెప్పింది అక్క. సోమవారం నీ మందు వేసుకుంటే పడుకునేదాకా నేల మీద కాలు ఆనలేదురా, గాల్లో నడిచినట్టుంది అంది. మంగళవారమేమో గుండెలో ఎవరో దంచుతున్నట్టు ఒకటే దడట. బుధవారం మళ్లీ మామూలే. మందుకి కూడా నీలాగే నిలకడ లేదురా అని పావుగంట నవ్వింది."

దారం కొస తడి చేసుకోబోయిన భార్య ఆగిపోయింది.

"అన్నీ ఒకే కల్వంలో నూరినవే కదండీ?"

"ఒకే కల్వం, ఒకే పూట."

"మరి సోమవారానికీ మంగళవారానికీ అంత తేడా ఎందుకొచ్చినట్టు?"

ఆమె మామూలుగానే అడిగింది. బ్లౌజు చేతులు రెండూ సమంగా రాకపోతే తనను తాను ప్రశ్నించుకునే తీరులోనే అడిగింది.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక చిన్న ఆసుపత్రిలో మందులు కలిపిన చెయ్యి అది. ఆ రోజుల్లో దగ్గుమందు సీసాకి ఒక పక్క కాగితం అతికించి, పూటకి ఎంత తాగాలో తెలిసేలా దానికి కత్తెరతో గంట్లు పెట్టేవాడు. పొడులు నూరి, పొట్లాలు కట్టి, వరసలో నిలబడ్డవాళ్ల చేతిలో పెట్టేవాడు. "కాంపౌండరు గారి చేతి చలవ" అని నలుగురూ అంటుంటే పైకి విసుక్కునేవాడు కానీ లోపల ఒళ్లు పులకరించేది. తర్వాత్తర్వాత అన్నీ అట్టల్లో బిగించి రావడం మొదలైంది. కల్వం బీరువా ఎక్కింది. పదవీ విరమణ రోజున డాక్టరు గారు ఆ తెల్ల పింగాణీ కల్వాన్నే ఆయన చేతిలో పెట్టి పంపించారు.

ఇక అక్క సంగతి. అమ్మ పోయాక ఆయనకి తల దువ్విందీ, చెవి మెలేసిందీ, లెక్కలు రాకపోతే పక్కన కూర్చుని తనూ ఏడ్చిందీ ఆమే. ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏడేళ్ల కిందట తమ్ముడింట్లో పది రోజులుందామని వచ్చింది. అప్పుడే ఊళ్లో జ్వరాలు. ఈయన పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. పదో రోజు బస్సెక్కించడానిక్కూడా రాలేకపోయాడు. "వాడికి సీసాలే చుట్టాలు" అని మరదలితో ఒక్క మాట అని వెళ్లిపోయింది. అంతే. ఆమె ఫోన్ చేయలేదు, ఈయనా పంతం వదల్లేదు. చూస్తుండగానే ఏడేళ్లు గడిచిపోయాయి. ఈ మధ్యలో ఎన్నిసార్లు ఆ నంబరు దాకా వెళ్లి వేలు వెనక్కి తీసుకున్నాడో ఆయనకే తెలియదు.

రెండు నెలల కిందట ఎవరో బంధువులు చెప్పారు. అక్కకి గుండె లయ తప్పుతోందట, రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఖరీదు భరించలేక రోజు విడిచి రోజు వేసుకుంటోందట. ఇక పంతం నిలవలేదు. ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "నేను చేసి పంపిస్తానక్కా" అన్నాడు. అక్క వెంటనే, "తెల్లగా ఉండాలి, కొట్లో దొరికేదానిలాగే. నువ్వు అప్పట్లో ఇచ్చే ఎర్రపొడి చూస్తేనే నాకు వాంతి" అంది.

పాత పరిచయమున్న మందుల ఏజెంటు, ఏదో ఫ్యాక్టరీలో మిగిలిందని, పేరూ తేదీ లేని ప్లాస్టిక్ కవర్లో ఆ మందు పొడి తెచ్చిచ్చాడు. మందు చిటికెడు, దాన్ని రోజులకి పంచడానికి కలిపే, మందు గుణమేమీ లేని పాలచక్కెర పొడి దోసెడు. నూరి, ఖాళీ క్యాప్సూళ్లలో పాత పోస్టుకార్డుతో పొడి నెట్టి నింపుతుంటే ఈయనకి మళ్లీ పాతికేళ్ల వయసు వచ్చినట్టయింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం అయిదింటికి టీతో క్యాప్సూలు వేసుకుని అక్క ఫోన్ చేస్తుంది. "మింగానురా" అని మొదలుపెట్టి, పక్కింటి పిల్లి నుంచి చిన్నప్పటి బడి గంట దాకా చెప్తుంది. ఆ అరగంట కోసమే ఆయన పొద్దుట లేచేది.

భార్య ప్రశ్న అడిగాక ఆయన టీ ముట్టలేదు. లేచి కల్వం దించాడు. అక్క అసహ్యించుకున్న ఎర్రరంగు ఊరికే వేసేది కాదు. పాత డాక్టరు గారు నేర్పిన కిటుకు అది. చిటికెడు రంగు వేసి నూరాలి, ఎక్కడా చార కనిపించకుండా పోయేదాకా చెయ్యి ఆపకూడదు, అప్పుడే మందు అంతటా ఒకేలా కలిసినట్టు. అక్క తెల్లగా కావాలంది కాబట్టి ఈయన రంగు మానేశాడు. ఇన్నేళ్ల చెయ్యి కదా, చూడక్కర్లేదనుకున్నాడు.

ఈసారి మందుకి బదులు అంతే రంగు వేశాడు. అంతే పాలచక్కెర, ఎప్పుడూ నూరేంతసేపే నూరాడు. పది క్యాప్సూళ్లు నింపి, తెల్లకాగితం మీద ఒక్కొక్కటే విప్పాడు. నాలుగు లేత గులాబీ. మూడు దాదాపు తెలుపు. రెండు ముదురు. ఒకటి మాత్రం ఎండుకారంలా ఎర్రగా పడింది.

భార్య వచ్చి చూసింది. "ఈ ఎర్రదాంట్లో ఉన్నంత మందు వదిన ఎప్పుడు మింగుతారు?"

"ఏమో. ఇవాళే కావచ్చు. డబ్బాలో ఇంకా పన్నెండున్నాయి."

"డాక్టరుకి చూపించుకుని తక్కువ ధరలో ఇంకేదైనా రాయించుకోమని చెప్పకపోయారా మొదట్లోనే?"

ఆయన తల దించుకున్నాడు. "ఉందే. అదే మందు, వేరే కంపెనీది, నాలుగోవంతు ధరకే దొరుకుతుందట. మన ఆసుపత్రి మందుల కౌంటరమ్మాయి నేను పంపడం మొదలుపెట్టిన రెండో వారంలోనే చెప్పింది."

"మరి?"

"చెప్తే ఇక నా మందు ఎందుకు? నా మందు వద్దంటే అయిదింటికి ఫోనెందుకు చేస్తుంది?"

భార్య కాగితం మీది ఎర్రపొడిని వేలితో పక్కకి నెట్టింది.

"తిడుతుంది," అన్నాడాయన. "మళ్లీ ఏడేళ్లు మాట్లాడదు."

"మాట్లాడకపోనివ్వండి. ఏడేళ్లు పంతం పట్టాలన్నా ముందు మనిషి ఉండాలిగా."

గోడ గడియారం నాలుగున్నర దాటింది. అక్క ఇప్పుడు టీకి నీళ్లు పెట్టే ఉంటుంది. ఆయన పోస్టుకార్డు వెనక్కి తిప్పి వరసగా రాసుకున్నాడు. డబ్బా ముట్టుకోవద్దు. ఉన్నపళంగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, డబ్బా కూడా పట్టుకెళ్లి తమ్ముడు చేసిందని చెప్పాలి. చవక మాత్ర పేరు ఇది. చివరి మాట రాయడానికి కొంతసేపు పట్టింది: ఈ పేరు నాకు ముందే తెలుసక్కా, నీ గొంతు వినాలని దాచాను.

"ఫోను ఇలా ఇవ్వు," అన్నాడు భార్యతో. "ఇవాళ అక్క చేసేదాకా ఆగను. నేనే చేస్తాను."