తక్కువ జీతం పోలీసమ్మ

ఆ రోజుల్లో నాకు ఖాకీ కొత్త, నోటికేమో అదుపు లేదు. కానిస్టేబులుగా నా మొదటి పోస్టింగు పాచిపెంట పైన కొండల్లో పడింది. సాలూరులో మా పిన్ని మాత్రం "ఏజెన్సీలో పోలీసోళ్లకి డబుల్ జీతం" అని వీధంతా చాటేసింది. నిజానికి కొండల్లో పనిచేస్తున్నందుకు కొంచెం కలిపేవారు గానీ, ఇంటద్దె భత్యం దగ్గర అంతకు మించి తగ్గేది. అదే పరీక్ష రాసి, అదే లాఠీ పట్టి, విశాఖలో ఉన్నందుకు నా బ్యాచ్‌మేటు నాకంటే ఎక్కువ తీసుకునేది. (అది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.)

ఆ ఉక్రోషంతోనే సంత బందోబస్తుకు వెళ్లాను. చిక్కుళ్లు అమ్మే ముసలామె, అందరూ పెద్దమ్మ అనేవారు, నన్ను చూసి "ఏటి గుంటా, మొగం అలాగుంది? జీతం రానేదా?" అంది.

"వచ్చింది పెద్దమ్మా. పట్నంలో నా నేస్తానికి ఎక్కువ, నాకు తక్కువ."

"ఒకే పనికా? నువ్వేటి తప్పు సేసినావు?" అని ముక్కున వేలేసుకుంది. ఊరిని బట్టి అద్దె, అద్దెను బట్టి జీతం అని ఎంత చెప్పినా ఆవిడకు ఎక్కలేదు.

మరుసటి సంతకల్లా నా జీతం సంగతి కొండంతా పాకిపోయింది. వద్దు మొర్రో అంటున్నా ఒకామె గుమ్మడికాయ, ఇంకొకామె చోళ్ల (అదే, రాగుల) సంచి నా బండికి కట్టేశారు. స్టేషను ముందు దిగేసరికి ఎస్సైగారు వరండాలోనే ఉన్నారు. "ఏమ్మా, అప్పుడే మామూళ్లు మొదలెట్టావా?" అన్నారు. ఉద్యోగం ఊడితే సాలూరులో తలెత్తుకోగలనా? అన్నీ తిరిగిచ్చి రమ్మన్నారు. ఇస్తుంటే సంగతి తెలిసి, పెద్దమ్మ బుట్ట అక్కడే వదిలేసి నా వెనకే స్టేషనుకొచ్చేసింది.

"గుంటనేటీ అనకు బాబూ. అది అడగనేదు. తక్కువ జీతం పిల్ల అని మేమే ఇచ్చినాం."

ఎస్సైగారు నవ్వాపుకుంటూ "నాదీ ఇక్కడ తక్కువే పెద్దమ్మా" అన్నారు. ఆవిడ ఆయన్ని జాలిగా ఎగాదిగా చూసి, "అలాగా! మరి మీ ఆవిడ ఎలాగ ఏగతందో పాపం" అంది. స్టేషనంతా గొల్లుమంది. నా విచారణ అంతటితో సరి.

తర్వాత నన్ను విశాఖకు బదిలీ చేశారు. జీతం పెరిగింది. (పెరిగినదంతా ఇంటి ఓనరు పట్టుకుపోతాడు, అది వేరే సంగతి.) మొన్న బీచి దగ్గర చలానా రాస్తుంటే ఒకాయన "మీకెంతొస్తుంది మేడమ్?" అని అడిగాడు. బేరానికే అడిగాడని తెలిసి "బాగానే వస్తుందిలెండి" అని కాగితం చేతిలో పెట్టాను. నా జీతం గురించి నాకంటే ఎక్కువ దిగులుపడే మనుషులు మళ్లీ తగల్లేదు. అద్దం ముందు టోపీ సర్దుకుంటూ ఆనాటి ఉడుకుమోతు పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. దానిమీద కాస్త అసూయ కూడా.