నాయిన పంచిన చలిజ్వరం గోలీలు

రేకులోంచి తెల్లమాత్రను ఒత్తి తీయగానే వేళ్లకంటిన పొడి చేదు ముక్కుకు తగిలింది. చలిజ్వరంతో నేనిప్పుడు పడుకున్నది లిఫ్టున్న ఎత్తయిన బిల్డింగులో, అద్దాల కిటికీ పక్కన. అయినా ఆ వాసన వెంట బొంబాయి కామాటిపురలోని మా పాత చాల్ మేడ, ఎక్కితే కిర్రుమనే దాని చెక్కమెట్లు, వానాకాలమంతా ఆరని తుండుగుడ్డల ముక్కిన వాసన, గల్లీ మొగలో మరిగే వడపావ్ నూనె, అమ్మ పుంటికూరలో నూరి వేసే పచ్చిమిరపకాయల ఘాటు, అన్నీ వరసగా వచ్చి మంచం చుట్టూ కూర్చున్నాయి.

తాతల నాడు ఇళ్లు కట్టే కూలికి పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఊరంతటికీ మేడలు కట్టి మేం మాత్రం ఒక్క గది ఖోలీలో సర్దుకున్నాం: నాయిన, అమ్మ, నాయనమ్మ, నేను, సొంతూళ్లో పని లేక మా దగ్గరికి వచ్చిన అమ్మ తమ్ముడు మల్లేశ్ మామ. పక్క ఖోలీ సాయన్నకూ మాకూ నడుమ ఉన్నది చెక్కల గోడ. అటువాళ్లు తుమ్మితే ఇటు నాయనమ్మ "చిరంజీవ" అనేది. నలుగురి ముందు ఒక్కడే తినకూడదన్నది మా నాయిన పట్టుదల. ఉడికించిన గుడ్డు ఒక్కటే ఉంటే దారంతో కోసి అందరికీ ముక్క పెట్టేవాడు, బోనాల నాడు యాటకూర గిన్నె సాయన్న గడప దాటాకే మా కంచాల్లోకి కూర పడేది.

వానలు మొదలయ్యాయంటే ప్రతి ఖోలీ ముందూ నీళ్ల పీపాలు, వాటి మీద సంధ్యవేళ లేచే దోమల సంగీతం, ఏదో ఒక ఇంట్లోంచి పళ్లు టకటకలాడే చప్పుడు ఉండేవి. మేం పిల్లలం దాన్నీ ఆటగా మార్చుకున్నాం. ఒకడు పడుకుని గడగడ వణకాలి, మిగతావాళ్లం దొరికిన బొంతలన్నీ వాడిమీద పడేసి పైన ఎక్కి కూర్చోవాలి, నవ్వినవాడు ఓడినట్టు. ఆ ఏడు మా నాయిన నవ్వకుండానే వణికాడు.

దవాఖానలో రక్తం చూసి రెండు రకాల గోలీలిచ్చారు. పెద్దవి తెల్లవి, కటికచేదు. చిన్నవి గోధుమరంగువి, ఒంట్లో దాక్కున్న జ్వరాన్ని బయటికి తరిమేవట. నాయిన గోలీ చేతిలోకి తీసుకుని తలెత్తేసరికి మేమంతా ఆయన నోటివైపే చూస్తున్నాం. పాపం, ఆ చేయి నోటిదాకా పోలేదు. దోమ అందరినీ కుట్టిందిగదా, మందు తానొక్కడే ఎట్లా తింటానని, ఉన్నవన్నీ విస్తరాకులో పోసి వాటాలు వేశాడు. నాకు పిల్లవాడినని తెల్లదాంట్లో చిన్న తుంపు బెల్లంలో పెట్టి ఇచ్చారు. బెల్లం మింగాను, తుంపు పీపా వెనక ఊశాను. సాయన్న దాకా రాకుండానే గోలీలు అయిపోయాయి. అతను చెక్కగోడ అవతలినుంచే అలిగాడు, మా ఇంట నిప్పు కూడా అడగడం మానేశాడు.

మందు పని మొదలుపెట్టింది, చేయాల్సిన చోట తప్ప. పరగడుపున మింగిన అమ్మ కడుపు పట్టుకుని మోరీ దగ్గర కూలబడింది. నాయనమ్మకు అరచేతులూ అరికాళ్లూ ఒకటే దురద. అరచేయి దురద పెడితే డబ్బొస్తుందని, అరికాలు దురద పెడితే ప్రయాణమని ఆమె నమ్మకం. రెండూ కలిసి వచ్చాయి గనక కొడుకు ఊరికి తీసుకుపోతాడని తేల్చుకుని, మూట కట్టుకుని, గోక్కుంటూ గడపలో కూర్చుంది. ఇక వాళ్లిద్దరూ మాకొద్దని తోసేసిన వాటాలు మిగిలాయి. మల్లేశ్ మామ కంచంలో మెతుకు విడిచిపెట్టే మనిషి కాడు. చిన్నగోలీలకు చేదైనా లేదు, పారేస్తే పాపమని వాళ్ల వంతు కూడా పూటపూటా అన్నం తర్వాత వక్కపలుకుల్లా వేసుకున్నాడు. జ్వరం అతనికి రానే లేదు.

కొన్నాళ్లకే మామ అమ్మను పక్కకు పిలిచి, "అక్కా, ఒంటికి పోతే నల్లగొస్తుంది, చాయ్ డికాషన్ లెక్క" అన్నాడు. వేడిచేసిందని నాయనమ్మ మజ్జిగ తాగించింది. మర్నాడు పొద్దున నీళ్ల బకెట్‌తో మెట్లెక్కుతూ మామ సగంలో కూర్చుండిపోయాడు. కళ్లు పసుపు, పెదాలు సున్నం. అమ్మ కేక విని అలక మరచి పరుగెత్తుకొచ్చింది సాయన్నే. మామను వీపున వేసుకుని కిందికి దించాడు. మామ చచ్చిపోతాడని నాకా రోజు గట్టిగా అనిపించింది. ఇప్పటికీ తడి చెక్కమెట్ల వాసన వస్తే ఆ రోజే గుర్తొస్తుంది.

దవాఖానలో డాక్టరమ్మ మరాఠీలో అడిగింది, జ్వరం లేనివాడివి ఈ మందు ఎందుకు తిన్నావని. మామ నీరసంగా నాయినవైపు వేలు చూపించి తెలుగులోనే జవాబిచ్చాడు.

"బావ పెట్టిండు."

ఆమె నెత్తి పట్టుకుంది. చిన్నగోలీ మంచిదే, కానీ కొందరి రక్తానికి పుట్టుకతోనే అది పడదని, లోపలి ఎర్రకణాలు పగిలిపోతాయని, ఈ గుణం తల్లి వైపునుంచి కొడుకులకు దిగుతుందని విడమరిచి చెప్పింది. పంచుకోవడం వల్ల జబ్బున్నవాడికి చాలలేదు, లేనివాడి ప్రాణం మీదికొచ్చింది అని నాయినను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. అంతా అయ్యాక అదే నోటితో, రోగికి రక్తం కావాలి, ఎవరైనా ఇస్తారా అని అడిగింది. నాయిన చొక్కా చేయి మడవబోయాడు. గోలీలు మింగిన ఇంటివాళ్లెవరూ పనికిరారని ఆమె ఆపింది. అందరం సాయన్నవైపు తిరిగాం.

"నాకు ఒక్క గోలీ పెట్టలే గని, రక్తం మాత్రం నాది గావాల్నా?" అన్నాడతను, అప్పటికే చేయి చాపి.

అతని రక్తమే సరిపోయింది. మామ లేచి తిరిగాక కూడా సాయన్న ఆ మాటను పండగకూ పబ్బానికీ ఎత్తిపొడిచేవాడు, మామ తలవంచుకుని అతని నీళ్ల బకెట్లు మోసేవాడు.

నాయినకు జ్వరం మళ్లీ తిరగబెట్టింది. అమ్మ కొత్త గోలీలను బియ్యం డబ్బాలో దాచి, వేళకు తీసి ఆయన చేతిలో పెట్టేది. నలుగురి ముందు ఆయన నోరు తెరుచుకోదు. అందుకని అమ్మ ఒక ఉపాయం చేసింది: గోలీ వేళకు ఇల్లంతా గోడవైపు తిరగాలి. నాయనమ్మ, మామ, నేను వరసగా చెక్కగోడకు ముక్కులానించి నిలబడేవాళ్లం. నవ్వితే అమ్మ వీపున చరిచేది. గుటక చప్పుడు కోసం అవతల సాయన్న కూడా చెవి పెట్టేవాడు.

"మింగిండా?" అని గోడ అడిగేది.

ఆ చాల్ ఇప్పుడు లేదు. నాయనమ్మ, నాయిన, సాయన్న లేరు. నీళ్ల పీపాలు పోయాయి, దోమలు మాత్రం లిఫ్టు లేకుండానే ఇంత పైకి వచ్చాయి. నేను మామ సంగతి చెప్పబట్టి డాక్టరు చిన్నగోలీ ఇవ్వకుండా ముందు రక్తం పరీక్ష చేయించింది. నాకూ అది మామూలు పద్ధతిలో పడదని తేలింది. తన కళ్లముందే జాగ్రత్తగా మరోలా వేయిస్తానంది. వర్లిలో ఉన్న మామకు ఫోన్ చేస్తే ముసలాయన పొంగిపోయాడు. "మేనమామ పోలికంటే గిదేరా" అన్నాడు.

తెల్లమాత్ర ఇంకా నా వేళ్లమధ్యే ఉంది. మంచం పక్కన నా కూతురు, ఇదంతా విన్న పిల్ల, నీళ్ల గ్లాసు పట్టుకుని నా నోటివైపే చూస్తోంది. నా చేయి లేవలేదు. ఒక్కసారి అటు తిరగమన్నాను. ఇంట్లోనూ మరాఠీయే మాట్లాడే పిల్ల, నవ్వాపుకుంటూ తిరిగి గోడకు ముక్కానించింది. ఆ గోడ అవతల ఎవరుంటారో, వాళ్ల పేరేమిటో మాకు తెలియదు. మాత్ర మింగి, అలవాటు చొప్పున ఒక్క క్షణం ఆగాను. అవతలినుంచి ఏమీ వినబడలేదు.

"మింగిండా?" అంది నా కూతురు, గోడవైపు నుంచే.