నాకంటే ముందు అబ్దలీ చేరిన నేను

దయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తుకుంటే నవ్వి లేచిపోయే రకం నేను. రాయచోటిలో మా వీధి ఆడవాళ్లు పొద్దుగూకితే గడప దాటని రోజుల్లో కూడా దీపం లేకుండా పెరట్లోకి వెళ్లొచ్చేదాన్ని. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, దానికి పేరు మీరే పెట్టుకోండి.

కువైట్ మీదికి ఇరాక్ వచ్చిన ఏడాది అది. నేను హవల్లీలో ఒక బడిలో ఆయాను. మా ఆయన ఉత్తరాన, ఇరాక్ సరిహద్దు పక్కనున్న అబ్దలీలో, ఒక ఖర్జూర తోటలో పనివాడు. ఇద్దరం ఒకే దేశంలో ఉండి కూడా ఏడాది కావస్తున్నా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆయనకు సెలవు దొరకదు, నేను అంత దూరం ఒంటరిగా వెళ్లలేను. మొగుడూ పెళ్లాలిద్దరూ కువైట్‌లో ఉన్నారు, వాళ్లకేం తక్కువ అని ఊళ్లో అంటున్నారని తెలిస్తే నాకు ఒళ్లు మండేది.

ఎండాకాలం సెలవుల్లో ఖాదర్ బాషా ఆ కబురు తెచ్చాడు. మా రాయచోటివాడే, ఒక కంపెనీలో వ్యాను డ్రైవరు. సెలవు రోజున మనవాళ్లను ఎక్కించుకుని దేశం చూపించడం అతనికి సరదా.

"అక్కా, ఈ శుక్రారం కువైట్ కొసదాకా పోతాండాం. దోవలో బావను గూడా చూసొద్దువు, యల్లా, పద!" అన్నాడు.

చూసి రావడం నాకు చాలదు. ఎలాగైనా ఒక్క వారమైనా మా ఆయన్ని హవల్లీకి వెంటబెట్టుకు రావాలని గట్టిగా అనుకున్నాను. తోటకు ఫోను లేదు, కబురు పంపలేదు. ముందురోజు సాయంత్రమే నిమ్మపండు రంగు చీర ఒకటి కొన్నాను.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వ్యాను నిండా ఆడవాళ్లం, ఒళ్లో చిత్రాన్నం గిన్నెలు. తెల్లవారుతుండగా జహరాలో ఆగి టీ తాగాం. ఖాదర్ బండి నడిపేది తక్కువ, వర్ణించేది ఎక్కువ. ముత్లా గుట్ట రాగానే, "కువైట్ మొత్తానికీ ఉండేది ఈ ఒక్క కొండే, అందరూ దండం పెట్టుకోండి" అన్నాడు. నిజంగానే పెట్టుకున్నాం. చివరికి రోడ్డు పక్కన ఆపి, "అదో, ఆ పక్కదంతా ఇరాక్" అని చెయ్యి చాచి చూపించాడు.

నాతో గదిలో ఉండే ఓబులమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఈ పక్కా ఇసకే, ఆ పక్కా ఇసకే. దీనికి మళ్లా సరిహద్దొకటి!" అంది. కడుపు పట్టుకుని నవ్వాం.

అక్కణ్ణుంచి తోటకు వెళ్లేసరికి ఎండ ముదిరింది. గేటు దగ్గర రేకుపెట్టె మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, పెట్టె అడుగున దాచుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు.

"ఏమే, ఇంతసేపా? పొద్దన్నుంచి కూసోనుండా" అన్నాడు.

నాకు సంతోషంలో ముందు ఏమీ తోచలేదు. తర్వాత అడిగాను. "నేనొస్తాండానని నీకెవరు చెప్పినారు?"

"నువ్వే గదా చెప్పిపోతివి!"

ఆయన చెప్పింది ఇది. సూర్యుడు పైకి వస్తుండగా ఆయన పంపు దగ్గర ఉన్నాడు. గేటు దగ్గర నేను నిలబడి పిలిచానట. పెట్టె సర్దుకో, బండొస్తుంది అన్నానట. పంపు ఆపి వచ్చేసరికి నేను లేను. బండి ఎక్కడో ఆగి ఉంటుంది, అటే వెళ్లి ఉంటానని అనుకున్నాడు. అప్పటికి మేము జహరాలో టీ తాగుతున్నాం. వ్యానులో వాళ్లందరూ సాక్ష్యం.

ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. అంతలో ఆయనతో పనిచేసే రఫీక్ అనే బెంగాలీ అతను వచ్చి, "పొద్దున సలాం చెబితే పలకలేదేం భాభీ?" అన్నాడు. ఏ చీర కట్టుకున్నానో అడిగాను. నా ఒంటి మీది చీరే చూపించాడు.

అసలు సంగతి అది కూడా కాదు. గేటు దగ్గర నేను మా ఆయన్ని పేరు పెట్టి పిలిచానట!

మావైపు ఆడది మొగుడి పేరు నోట పలకదు. పెళ్లయినప్పటి నుంచి నేను ఏమయ్యా అనడమే తప్ప ఆ పేరు ఎత్తింది లేదు. ఇక్కడ కూడా రాయడం లేదు, గమనించే ఉంటారు. ఆయన పెట్టె సర్దింది కూడా అందుకే. "నువ్వు పేరు పెట్టి పిలిచినావంటే ఏందో పెద్ద సంగతే అనుకుంటి" అన్నాడు. తోట చూసుకునే మిస్రీ ముదీర్‌కు, అంటే ఈజిప్టు మేనేజరుకు, కూడా ఆ కేక వినబడిందట. ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుని వారం సెలవిచ్చాడు. వచ్చే శుక్రవారం తిరిగి దింపే పూచీ నాదన్నాడు ఖాదర్.

నాకేమీ అర్థం కాలేదు, నిజమే. కానీ పక్కన మా ఆయన ఉన్నాడు. దానికంటే నాకు ఆ రోజు ఏదీ ఎక్కువ కాదు. పంపు తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చుని చిత్రాన్నం తిన్నాం. రఫీక్ పసుపుపచ్చటి ఖర్జూరాల గెల కోసిచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆడవాళ్లంతా నా మీద పడ్డారు. "మాకూ ఒకసారి వినిపీయమ్మే ఆ పేరు!" అని హవల్లీదాకా వేధించారు. సిగ్గుతో చీరకొంగు మొహం మీదికి లాక్కున్నాను. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

ఆ శుక్రవారం రానే లేదు. గురువారం తెల్లవారుజామున ఇరాక్ వచ్చేసింది. మేము నవ్వుకున్న ఆ రోడ్డు మీదుగానే వచ్చింది. తర్వాత భయపడ్డాం, పస్తులున్నాం, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరాం. అన్నిచోట్లా ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. ఒక్కదాన్నే అయితే ఆ దారి దాటేదాన్ని కాదు.

జోర్డాన్ ఎడారి గుడారాల్లో నీళ్ల వరసలో నిలబడి ఉండగా ఎవరో పరుగున వచ్చి మా ఆయన్ని కావిలించుకున్నారు. రఫీక్! చిక్కి సగమయ్యాడు. తోటవాళ్లందరూ బతికే ఉన్నారని చెప్పాడు. మా ఆయన చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

తర్వాత రఫీక్ నావైపు తిరిగాడు. "ఆరోజు మీరు మళ్లీ ఎలా వచ్చారు భాభీ?" అని అడిగాడు.

సైన్యం వచ్చిన తెల్లవారుజామున అందరూ రేకుల గదిలో పడుకుని ఉన్నారట. గేటు దగ్గర అదే గొంతు, అదే పేరు, ఆగకుండా పిలిచింది. ఆయన ఇక్కడ లేడు, మీ దగ్గరే ఉన్నాడు కదా భాభీ అని చెప్పడానికి అందరూ లేచి గేటుదాకా వెళ్లారు. అక్కడ ఎవరూ లేరు. వెనక్కి తిరిగేలోపు కంచె తెంచుకుని వచ్చిన ట్యాంకు ఒకటి ఆ గది మీదుగా వెళ్లిపోయింది.

ఆ వేళప్పుడు నేను హవల్లీలో పడుకుని ఉన్నాను. మా ఆయన పక్కనే మేలుకుని ఉన్నాడు. నేను మంచం దిగలేదు, కనీసం కలవరించనైనా లేదు అని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. మరి ఆ పిలిచింది ఎవరో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

రఫీక్ నా రెండు చేతులూ కళ్లకు అద్దుకుని ఏడ్చాడు. పిలిచింది నేను కాదని అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.