కంప్యూటర్‌కు పెట్టిన నలుగు

సూర్యాపేట ఎండ గురించి నేను చెప్పేవన్నీ నిజాలే. మా డాబా మీద ఆరబెట్టిన అప్పడాలు వాటంతటవే వేగి మెట్లు దిగి వచ్చాయని ఒకసారి చెప్పాను. అది మాత్రం కొంచెం ఎక్కువైంది. వేగిన మాట నిజమే. దిగలేదు. మా ఆవిడ వెళ్లి తెచ్చింది.

ఇట్లా మాట్లాడే మనిషికి ఒక కష్టం ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు నిజమే చెప్పాల్సి వస్తుంది. చెప్పినా ఎవడూ నమ్మడు.

నాకు ఆ కష్టం కంప్యూటర్ రూపంలో వచ్చింది. దాని మీద నేను చేసే పనులు రెండు. కరెంటు బిల్లు కట్టడం, చదరంగంలో ఓడిపోవడం. సర్కారు బడిలో సైన్సు చెప్పే మా ఆవిడ దాని మీద ప్రశ్నపత్రాలు తయారుచేస్తుంది. ఈ మాత్రం పనికి ఏ పాత డబ్బా అయినా సరిపోతుంది. కానీ ప్రాసెసర్‌ను కంపెనీ వాడు చెప్పినదానికన్నా వేగంగా పరిగెత్తించవచ్చని, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని నేను ఎక్కడో చదివాను. చదివిన నాటి నుంచి నిద్ర పట్టలేదు. నెల రోజులు తంటాలు పడి ఐదు పాయింట్ ఆరు గిగాహెర్ట్జ్ దాకా లాగాను. ఆ వేగంలో అది నాలుగు నిమిషాలు నిలబడేది. తర్వాత వేడి వంద డిగ్రీలకు పోయి, వేగం తనంతట తనే పడిపోయేది. ఆ నాలుగు నిమిషాలూ నేను లేచి నిలబడి చూసేవాణ్ణి.

మిర్యాలగూడలో మా అక్క మనవరాలి పుట్టెంట్రుకల దావత్‌లో, భోజనాల బంతిలో అందరూ వింటుండగా ఈ సంగతి చెప్పాను. మా బావకు, అంటే అక్క మొగుడికి, అక్కడ రైస్ మిల్లు ఉంది. రైతులు తెచ్చిన వడ్లను గుప్పిట్లోకి తీసుకుని, తేమ ఉందని, తాలు ఉందని బస్తాకు ఇంత అని తరుగు తీయడం ఆయన రోజూ చేసే పని. నా మాటలకూ అట్లాగే తీస్తాడు.

"దీంట్ల ఎంత తరుగు తియ్యమంటవ్ బామ్మర్ది?" అన్నాడు.

"ఇది నిజం బావా. తియ్యటానికేం లేదు."

"తేమ లేని ముచ్చట నీ నోట్లెకెల్లి నేనెన్నడు సూడలె. సరె, ఒక పని సేద్దాం. వచ్చే ఆదివారం మీ ఇంటికొస్త. నా కండ్ల ముందల పదిహేను నిమిషాలు ఆ నంబర్ దిగకుంట నడిపియ్యి. నడిస్తె ఇగ నువ్వేం సెప్పినా నేను నోరెత్త. నడవకుంటె ఏడాది దాంక మన దావత్‌లల్ల నువ్వు తినాలె, సెయ్యి కడుక్కోవాలె, పోవాలె. ముచ్చట్లు బంద్."

"ఏడాదా!" అన్నది మా అక్క. "సస్తడు గాని మాట్లాడకుంట ఉండడు."

బంతి బంతంతా నవ్వింది. నేను సరే అన్నాను. అన్నాక అన్నం సహించలేదు. దావత్‌లో నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల ఏనాడూ కాలేదు.

నాలుగు నిమిషాలను పదిహేను చేయాలంటే ఫ్యాను చాలదు. నీళ్లతో చల్లార్చాలి. నీళ్ల సామాను కోసం కోదాడ వెళ్లాను. అక్కడ నాకు చాలా ఏళ్లుగా తెలిసిన షాపాయన ఉన్నాడు. ఊరు తెలంగాణలో ఉన్నా ఆయన మాట మాత్రం కృష్ణ దాటి వెళ్లిపోయింది.

"ముందు ఒక సంగతి చెప్తాను మాస్టారూ," అన్నాడు. "మీ గది ఎంత వేడిగా ఉందో నీళ్లు అంతకంటే చల్లబడవండీ. గదిలో కూలర్ పెట్టుకోండి. ఆ తర్వాత ఇవి చూడండి."

బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. మొదటిది సీల్డ్ కిట్. మూడు ఫ్యాన్ల రేడియేటరు, రెండు గొట్టాలు, ప్రాసెసర్ మీద కూర్చునే రాగి దిమ్మె. నీళ్లు ఫ్యాక్టరీలోనే నింపి మూసేశారు. బిగించి మరిచిపోవడమే. రెండోది విడి సామాను. పంపు, గాజు ట్యాంకు, గొట్టాలు, బిరడాలు, అన్నీ మనమే కలుపుకుని డిస్టిల్డ్ వాటర్ మనమే పోసుకోవాలి. దాని రాగి దిమ్మె విప్పి చూపించాడు. లోపల దువ్వెన పళ్లలాగా, వెంట్రుకంత సన్నని సందులు.

"నీళ్లు వీటిలోంచి పోవాలండీ. నలక పడిందా, మూసుకుపోద్ది. మీకు సీల్డే మంచిది."

ఒప్పుకున్నాను. నిజంగా ఒప్పుకున్నాను. కానీ మా ఇంట్లో నీళ్ల పని ఏదైనా, మోటారు కాలినా, బోరు ఎండినా, బావను అడగనిదే చేయం. పందెం కట్టింది ఆయనతోనే అన్న సంగతి కూడా నన్ను ఆపలేదు. షాపులోంచే వీడియో కాల్ చేశాను. ఆయన నన్ను ఓడించాలని చూసి ఉంటే నేను గెలిచేవాణ్ణి. మంచి మనసుతో సలహా ఇచ్చాడు.

"మూత యాడుంది?" అన్నాడు సీల్డ్ కిట్ చూసి.

"మూత లేదు బావా."

"మూత లేని నీళ్ల సామాను కొంటవా? నీకేమన్న పిచ్చా? మా మిల్లుల బాయిలర్‌కు మూత ఉంటది, లారీ రేడియేటర్‌కు మూత ఉంటది. నీళ్లన్నంక తగ్గుతయ్, మల్ల పొయ్యాలె. దామరచర్లల గంత పెద్ద కరెంటు ప్లాంటు కట్టిండ్రు. ఒక్కసారే నీళ్లు పోసి సీల్ ఏసిండ్రా?"

దామరచర్ల ప్లాంటుకు, నా టేబుల్ కింద డబ్బాకు పోలిక కుదిరేసరికి నా ఛాతీ కొంచెం పొంగింది. పైగా ఆ గాజు ట్యాంకు చూడముచ్చటగా ఉంది. విడి సామానే కట్టమన్నాను.

"మీ ఇష్టం అండీ," అన్నాడు కోదాడ ఆయన. రోగిని పెద్ద దవాఖానకు తీసుకుపోమని చెప్పాక కూడా ఇంటికే తీసుకుపోతామనే చుట్టాలతో డాక్టరు అనే గొంతు అది.

ఆదివారం పొద్దున పదింటికి బావ, అక్క దిగారు. గదిలో కూలర్ హోరెత్తుతోంది. బావ కుర్చీ లాక్కుని, చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. ప్రాసెసర్‌ను ఊపిరాడకుండా పని చేయించే ప్రోగ్రాం నడిపాను. ఐదు పాయింట్ ఆరు. వేడి ఎనభై ఒకటి. నాలుగు నిమిషాలు దాటాయి. ఆరు. ఎనిమిది. ఎనభై రెండు దగ్గర సూదితో గుచ్చినట్టు ఆగింది. బావ మొహంలో మొదటిసారి అనుమానం తగ్గడం చూశాను. నా జన్మలో అంత అందమైన దృశ్యం లేదు. ఇందులో అతిశయోక్తి లేదు.

తొమ్మిదో నిమిషంలో బిరడా దగ్గర ఒక చుక్క వేలాడింది. స్పానర్ వద్దని చేత్తో బిగించింది నేనే. చుక్క జారి గొట్టం మీద పాకింది. కింద తడి తగిలితే కాలిపోయే బోర్డు ఉంది. ఆపేస్తే పందెం పోయినట్టే.

"లీకా?" అన్నాడు బావ. "గింతదానికి గంత మొకం పెట్టినవేంది? చెల్లె, జర పసుపు తే."

మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడిపోయింది. "కంప్యూటర్‌ల పసుపేంది అన్నయ్యా?"

"రేడియేటర్ కారుతుంటె ఏమేస్తరు? పసుపే. పొయి బెజ్జంల కూసుంటది. నా లారీలు గట్లనే విజయవాడ పొయ్యొస్తయ్."

"లారీ రేడియేటర్‌ల గొట్టాలు వేలంత ఉంటయ్. ఇది వేరే కదా."

"నీళ్లు నీళ్లే గద చెల్లె."

మా ఆవిడ చెప్పింది నాకు అర్థమైంది. కోదాడ ఆయన చూపించిన వెంట్రుక సందులు కళ్ల ముందు కదిలాయి. ఇంకో పక్క ఆరు నిమిషాలు ఉన్నాయి, ఏడాది మౌనం ఉంది. పసుపు డబ్బా నేనే వెళ్లి తెచ్చాను. ట్యాంకు మూత నా చేత్తోనే తీశాను. చెంచాడు పోసింది బావ.

గాజు ట్యాంకు పండగలాగా పచ్చబడింది. ఆ పసుపు గొట్టాల్లో తిరుగుతుంటే అక్క "అబ్బ!" అన్నది. నిమిషంలో చుక్క కారడం ఆగింది. బావ మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు, ఎలక్షన్ గెలిచినవాడిలాగా.

అప్పుడు ఎనభై ఏడు. తొంభై మూడు. వంద. ఐదు పాయింట్ ఆరు కాస్తా నాలుగైంది, రెండైంది, ఒకటి కన్నా కిందికి పడింది. పన్నెండో నిమిషంలో తెర నల్లబడింది. లీకు ఆగింది, నీళ్లూ ఆగాయి, ఇక కంప్యూటర్ ఒక్కటే ఏం చేస్తుంది?

"లీకు ఆగిందా లేదా?" అన్నాడు బావ.

"ఆగింది బావా."

"మరి?"

"సెడగొట్టింది నువ్వే గద," అన్నది అక్క. "పందెం రద్దు సెయ్యి."

"మూత ఎవరు తీసిండ్రు?"

అందరూ నా వైపు చూశారు. నేను నోరు విప్పలేదు. నా ఏడాది అప్పటి నుంచే మొదలైందనుకోండి.

కోదాడలో దిమ్మె విప్పితే సందుల నిండా మెత్తటి పచ్చని ముద్ద. షాపాయన దాన్ని వేలితో తీసి వాసన చూశాడు. "ఏంటి మాస్టారూ, పెళ్లి చేస్తున్నారా? నలుగు పెట్టారు," అన్నాడు. టూత్ బ్రష్‌తో కడిగాడు. కడుగుతూ మధ్యమధ్య నవ్వాడు. ప్రాసెసర్ బతికే ఉంది. ఈసారి నన్ను అడగకుండా సీల్డ్ కిట్ బిగించాడు. ఇప్పుడది ఐదు పాయింట్ ఆరు మీద గంటలకు గంటలు నడుస్తుంది. బావకు ఫోన్ చేసి చెప్పాను. "మంచిది. ఏడాదైనంక సెప్పు," అన్నాడు.

నెల తిరగకుండానే మిర్యాలగూడలో గృహప్రవేశం. బగారన్నం, కోడికూర. బంతి మధ్యలో బావ లేచి నిలబడి నా కథ ఎత్తుకున్నాడు. పసుపు నీళ్లు సీలింగ్ ఫ్యాన్ దాకా ఎగిరాయట. నేను మంచం కింద దూరానట. మా ఆవిడ బకెట్ పట్టుకుని ఉరికిందట. అబద్ధాలు ఆడితే ఆడాడు, నాకు అభ్యంతరం లేదు. కానీ లీకు సంగతి చెప్పకుండా ముందే పసుపు పోసేశాడు! చుక్క వేలాడాలి. అది గొట్టం మీద పాకాలి. జనం ఊపిరి పట్టాలి. అప్పుడు గదా పసుపు రావాల్సింది. ఆయన పసుపు పోసి, తెర నల్లగా చేసి, అంతా అయిపోయాక "అగో, లీకు గూడ ఉండెనుల్లా" అన్నాడు.

జనం అయినా నవ్వారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెదవులు వాటంతటవే విడివడుతుంటే, వడ్డిస్తున్న మా అక్క వంగి నా విస్తరిలో ఇంకో ముక్క వేసింది.

"నములు," అన్నది.