చిటికెన వేలికి ఇంగ్లీషు రాదు

ఇంగ్లీషు ఎలా నేర్పాలో ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన కాలం అది. నాకు ఇరవై రెండేళ్లు. సిరిసిల్లలో మా నాన్న సాంచాలు (మరమగ్గాలను మేం అలాగే అంటాం) నడుపుతుంటే, నేను కోరుట్లలో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. బోర్డు మీద పేరు చూస్తే లండన్‌లో ఉన్నట్టుండేది. లోపలికొస్తే రేకుల కింద ఐదు గదులు, ఆరో తరగతికి వేపచెట్టు నీడ. బడిలో ఇంగ్లీషు మీడియం అయినవి రెండే, టై, బెల్టు.

ఆ ఏడు మా కరస్పాండెంట్ సార్ నన్ను జగిత్యాలలో రెండు రోజుల శిక్షణకు పంపారు. అక్కడ చెప్పిన పెద్దాయనకు మేం పెట్టుకున్న పేరు మెథడ్ సార్. మంచినీళ్లు తాగడానికి కూడా ఆయన దగ్గర ఒక మెథడ్ ఉండేది. టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లలు ఎక్కువ మాట్లాడాలి. వస్తువును తెచ్చి చూపించాలి. అర్థం కాకపోతే సైగలు చేయాలి. అన్నిటికంటే పెద్ద మంత్రం చివర చెప్పారు. తరగతిలో ఒక్క తెలుగు ముక్క వినిపించకూడదు, పిల్లవాడు తెలుగులో అడిగితే మనకు చెవుడు వచ్చినట్టు ఉండాలి, అవసరం వాడిచేత ఇంగ్లీషు పలికిస్తుంది అన్నారు. రెండు వందల పేజీల నోట్‌బుక్కులో అంతా రాసుకుని, చెవుడు దగ్గర ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టాను.

మర్నాటి నుంచి ఆ నాలుగో తరగతి పిల్లలకు నా చేతిలో మూడింది. వస్తువు చూపించాలని నాలుగు టమాటాలు పట్టుకెళ్లాను. ‘దిస్ ఈజ్ ఎ టమాటో’ అంటూ చేతులు మారుతూ మూడో బెంచీ చేరేసరికి ఒకటిన్నర మిగిలాయి. గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే మాట్లాడుకున్నారు పాపం, ముందు రోజు టీవీలో చూసిన సీరియల్ గురించి, శుభ్రమైన తెలుగులో. (నాకు చెవుడు కదా, ఏమీ అనలేకపోయాను.) ఇక సైగలంటారా, సాంచాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని, మా ఇంట్లో కూర బాగుందో లేదో కూడా చేతులతోనే చెప్పుకునేవాళ్లం. అది నా వంశపారంపర్య విద్య అనుకుని వాన కురుస్తున్నట్టు చేతులు పైనుంచి కిందికి ఆడిస్తే, ఆడపిల్లలంతా లేచి చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడటం మొదలుపెట్టారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తరగతిలో మాట మెత్తగా ఉండే ఒక పిల్ల ఉండేది. బడిలో ఆయా ఆ పిల్లను నిమ్మళమ్మ అని పిలిచేది. తల్లి బీడీలు చుట్టి చదివిస్తోంది. ఒకరోజు మధ్యాహ్నం నిమ్మళమ్మ చిటికెన వేలు పైకెత్తింది. నేను చూడనట్టు నిలబడ్డాను. “మేడం, ఒంటికి పోయస్త” అంది. ‘ఇంగ్లీష్ ప్లీజ్’ అన్నాను, నోట్‌బుక్కు మీద ఒట్టేసుకున్నదానిలా. వేలు మళ్లీ లేచింది. నేను బోర్డు వైపు తిరిగి పండ్ల పేర్లు రాశాను, ఒకటి కాదు, ఎనిమిది. తిరిగి చూసేసరికి బెంచీ తడిసింది, కింద నేల తడిసింది, తరగతి మొత్తం నవ్వుతోంది. ఆ పిల్ల మాత్రం ఏడవలేదు. తల వంచుకుని, తడిసిన చోటును పుస్తకాల సంచీతో కప్పుకుంటోంది. అవసరం ఇంగ్లీషు పలికిస్తుందన్నారు గానీ, పలికించకపోతే ఏం చేయాలో నా నోట్‌బుక్కులో లేదు.

నాలుగు రోజులు నిమ్మళమ్మ బడికి రాలేదు. ఐదో రోజు తల్లి వచ్చింది, కొంగుకు తునికాకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. కొట్లాటకు వచ్చిందనుకుని నేను బిగుసుకుపోయాను. ఆమె గొంతు కూడా పెంచలేదు.

“నా బిడ్డ ఇంట్ల మస్తు మాట్లాడుతుండె మేడం. గిప్పుడు ఇంట్ల గూడ మాట్లాడుతలేదు” అంది.

కరస్పాండెంట్ సార్‌కు పిల్ల మూగబోయిందన్న బాధకంటే, ఆ మాట బీడీల కంపెనీ దగ్గర పది మంది తల్లుల చెవిన పడుతుందన్న బాధ ఎక్కువైంది. నన్ను పిలిచి నిమ్మళంగానే చెప్పారు. వచ్చే శుక్రవారం మెథడ్ సార్ తనిఖీకి వస్తున్నారు, ఆయన ముందు ఆ పిల్ల నోట ఒక్క ఇంగ్లీషు వాక్యం రావాలి, రాకపోతే నేను సిరిసిల్ల పోయి సాంచాలకు ఇంగ్లీషు చెప్పుకోవచ్చు. పిల్ల బడికైతే తిరిగి వచ్చింది. చాక్లెట్లు ఇచ్చాను, బొమ్మలు గీశాను, నోట్‌బుక్కులో ఉన్న మెథడ్లన్నీ ఆ పిల్ల మీద ప్రయోగించాను. అన్నిటికీ తల వంచుకునే ఉంది. క్షమించమని తెలుగులో ఒక్క మాట అడగాలని మాత్రం నాకు తోచలేదు. తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పాడైపోదూ!

శుక్రవారం రానే వచ్చింది. ఆ రోజే రాస్తారోకో. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే భోజనాలు, బడులవాళ్లు రోడ్డు మీదే పాఠాలు చెప్పాలన్నారు. కేబుల్ టీవీ కెమెరా వస్తుందని తెలిసి మా కరస్పాండెంట్ సార్‌లో ఉద్యమం ఉప్పొంగి, నాలుగో తరగతిని అందరికంటే ముందు కూర్చోబెట్టారు. జగిత్యాల నుంచి వచ్చిన బస్సొకటి సరిగ్గా మా మూడో వరస పక్కన ఆగింది. అందులో కిటికీ దగ్గర మెథడ్ సార్. దిగబోతుంటే, అక్కడ పెత్తనం చేస్తున్న గౌడన్న (కల్లు కోసం తాటిచెట్లెక్కడం మాని ఆటో నడిపేవాడు) అడ్డం నిలబడ్డాడు. క్లాసు వీడియో తీస్తున్నారు, అయ్యేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. సార్ మహదానందంగా మళ్లీ కిటికీ దగ్గర కూర్చుని, పాఠం కానివ్వమని నాకు సైగ చేశారు.

నా జన్మలో అంత మంచి పాఠం చెప్పలేదు. ఆ రోజు పాఠం వాహనాలు. వస్తువు చూపించమన్నారా, బస్సు, లారీ, ట్రాక్టరు, మైలు పొడవునా చూపించడానికే ఆగినట్టున్నాయి. పిల్లలు గొంతులు చించుకుని పేర్లు చెప్తున్నారు. నిమ్మళమ్మ మాత్రం తల ఎత్తడం లేదు. నేను ఆ పిల్లను చూస్తున్నాను, కరస్పాండెంట్ సార్ నన్ను చూస్తున్నారు. ఇంతలో వంటల దగ్గరి ఆడవాళ్లు బస్సులో వాళ్లకు మజ్జిగ అందించారు. మెథడ్ సార్ రెండు గ్లాసులు తాగారు. (ఆయనకు షుగర్ ఉందని శిక్షణలో ప్రతి గంటకూ పెట్టిన ఇంటర్వెల్ మాకు ముందే చెప్పింది.)

అరగంట గడిచేసరికి సార్ ఫుట్‌బోర్డు మీద ఉన్నారు. గౌడన్నతో ఇంగ్లీషులో ఏదో మర్యాదగా అన్నారు. “క్లాసు నడుస్తుంది సారూ, జరసేపు ఆగుండ్రి” అన్నాడు గౌడన్న, అంతే మర్యాదగా. సార్ కాలు మార్చి నిలబడ్డారు. మళ్లీ మార్చారు. నుదుటి మీద చెమట. చివరికి నా వైపు చూసి, ఛాతీ దగ్గర ఎవరికీ కనబడకుండా చిటికెన వేలు ఎత్తారు.

నేను చూశాను. అబద్ధమెందుకు, బాగానే చూశాను. చూసి, అలవాటు కొద్దీ (అలవాటు కొద్దీనే, మీరు నమ్మాలి) పిల్లల వైపు తిరిగి ‘దిస్ ఈజ్ ఎ లారీ’ అన్నాను. ఆయన నేర్పిన చెవుడే కదా, ఆయనకే తగిలింది.

అప్పుడు మూడో వరసలో నిమ్మళమ్మ లేచి నిలబడింది. కెమెరా అటు తిరిగింది. ఆ పిల్ల ఒకసారి ఫుట్‌బోర్డు వైపు చూసి, నా కళ్లలోకి చూసి, రోడ్డంతా వినబడేటట్టు అడిగింది.

“మేడం, మే సార్ గో ఔట్?”

నా నోట్‌బుక్కు, ఒట్టు, ఎర్ర గీతలు అన్నీ ఒక్క క్షణంలో గాలికి పోయాయి. “పోండి సార్, జల్ది పోండి” అని కెమెరా ముందే తెలుగులో అరిచాను. పిల్లలు జరిగి దారి ఇచ్చారు. మెథడ్ సార్ అడ్డం పడి రైసుమిల్లు గోడ వెనక్కి పోయారు, ఏ మెథడూ లేకుండా. తిరిగి వచ్చేటప్పుడు మొహం తేటగా ఉంది. నిమ్మళమ్మ దగ్గర ఆగి నెత్తి మీద చెయ్యి పెట్టారు. రెండు రోజుల శిక్షణలో మేం ఒక్కసారి కూడా వినని ఆయన సొంతూరు సారంగాపూర్ మాట ఆయన నోట వచ్చింది.

“బతికిచ్చినవు బిడ్డా” అన్నారు.

తనిఖీ పుస్తకంలో ఏం రాశారో నేను చూడలేదు. ఒక్క వాక్యం అడిగిన కరస్పాండెంట్ సార్‌కు ఆ వాక్యం కెమెరాలో కూడా దొరికింది, కాబట్టి నా ఉద్యోగం నిలిచింది. మధ్యాహ్నం రోడ్డు మీద అందరికీ ఇస్తరాకులు వేశారు. నేను పోయి నిమ్మళమ్మ పక్కన కూర్చున్నాను. గొప్పగా నేర్పించానన్న పొగరు ఇంకా దిగలేదు. “గా మాట ఎప్పుడు నేర్సుకున్నవ్ బిడ్డా?” అని అడిగాను.

పిల్ల పప్పన్నం కలుపుతూ మామూలుగా చెప్పింది. “గా ఒంటికి అడిగిన దినమే నాకు వచ్చుండె మేడం. మీరు గట్ల నిలవడి చూస్తుంటె నోట్లెకెల్లి రాలే.”

చేతిలోని ముద్ద ఇస్తరాకులో పెట్టేశాను. నన్ను క్షమించమని అప్పుడు అడిగాను, తెలుగులోనే. ఆ పిల్ల తన ఇస్తరాకులోని అప్పడం సగం విరిచి నాకు పెట్టింది.

ఇప్పుడు శిక్షణలు నేనే ఇస్తున్నాను. నలభై రాకముందే జుట్టు నెరిసింది, షుగర్ నాకూ వచ్చింది. ముందు పిల్లల మొహాలు చూడండి, ఆ తర్వాత పుస్తకం చూడండి అని చెప్తే, ఇంతేనా, ఇంకేం లేదా అన్నట్టు చూస్తారు. ముందు వరసలో ఎర్ర పెన్ను పట్టుకుని, నా ప్రతి మాట కింద గీత కొట్టుకునే అమ్మాయి ఒకరైనా ఉంటారు. ఆ అమ్మాయిని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే కొంచెం భయమూ వేస్తుంది. చెప్తున్నది ఆపి, పది నిమిషాలు ముందే ఇంటర్వెల్ ఇచ్చేస్తాను.